ఊరి వయసు తెలిసిన ప్రణాళిక



జనాభా మాట ఎత్తితే మన దగ్గర రెండు రకాల ఆందోళనలు వినిపిస్తాయి. పాతికేళ్ల కిందట "జనం పెరిగిపోతున్నారు, తగ్గించుకోవాలి" అన్నాం. ఇవాళ "పిల్లలు తగ్గిపోతున్నారు, ఇంకా కనాలి" అనే పిలుపులు వింటున్నాం. అప్పుడూ ఇప్పుడూ చర్చ ఎంతమంది అన్న దగ్గరే ఆగిపోతోంది. ఉన్నవాళ్లు ఏ వయసువాళ్లు, ఎక్కడ ఉంటున్నారు, పనికోసం ఎక్కడికి పోతున్నారు, మరో పదేళ్లకు వాళ్లకు ఏం అవసరం పడుతుంది అన్న లెక్క వెనకబడిపోయింది. బడి కట్టే శాఖ, ఆసుపత్రి కట్టే శాఖ, రోడ్డు వేసే శాఖ, పింఛను ఇచ్చే శాఖ అన్నీ ఆ లెక్కతోనే పని మొదలుపెట్టాలి. జనాభాను ఒక్క ఆరోగ్యశాఖకు అప్పగించి మిగతా శాఖలన్నీ చేతులు దులుపుకోవడం వల్ల మన దేశం చాలా నష్టపోయింది. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది అదే.

కాస్త వెనక్కి వెళదాం. మొదటి పంచవర్ష ప్రణాళిక 1951లో మొదలైంది. ఆ ఏడాది జనగణన ప్రకారం దేశ జనాభా 36 కోట్ల 11 లక్షలు. అంతకుముందు పదేళ్లలో జనాభా ఏటా ఒకటింపావు శాతం చొప్పున పెరిగింది. ఆ పదేళ్లు మామూలు పదేళ్లు కావు. 1943 నాటి బెంగాల్ కరవునూ దేశ విభజననూ చూసిన పదేళ్లు. అయినా ఇకమీదట కూడా పెరుగుదల అదే వేగంతో ఉంటుందని ప్రణాళికా రచయితలు అనుకున్నారు. అంచనా తప్పింది. ఊరూరా డి.డి.టి. చల్లి మలేరియాను అదుపు చేశారు. టీకాలు వచ్చాయి. కరవు చావులు తగ్గాయి. పుట్టుకలు ఎప్పటిలాగే ఉన్నాయి, మరణాలు మాత్రం తగ్గాయి. 1961 జనగణన నాటికి దేశ జనాభా 43 కోట్ల 90 లక్షలు దాటింది. ప్రణాళికలో వేసుకున్న లెక్కకంటే ఇది సుమారు మూడు కోట్లు ఎక్కువ.

మూడు కోట్లమంది అదనంగా ఉన్నారంటే అర్థం ఏమిటి? అంతమందికి తిండిగింజలు అనుకోలేదు, బడి గదులు అనుకోలేదు, పనులు అనుకోలేదు. జాతీయాదాయం పెరిగింది, అయితే తలసరి ఆదాయం అనుకున్నంత పెరగలేదు. మనిషి బతకడం ప్రణాళిక సాధించిన విజయమే. ఆ విజయాన్ని ముందుగా ఊహించకపోవడమే లోపం. దాంతో మూడో పంచవర్ష ప్రణాళిక, జనాభా స్థిరీకరణ అనేది ప్రణాళికాబద్ధమైన అభివృద్ధికి నడిమధ్యన ఉండాలని స్పష్టంగా రాసుకుంది. ఆ వాక్యం రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే. ఆచరణలో జరిగింది వేరు.

ప్రపంచంలో కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా చేపట్టిన మొదటి దేశం మనది. 1952లో మొదలైంది. మొదటి ప్రణాళికలో దానికి కేటాయించింది 65 లక్షల రూపాయలు. 1966లో దానికోసం కేంద్రంలో ప్రత్యేక విభాగం ఏర్పడింది. ఆ మరుసటి ఏడాది ఆరోగ్య, కుటుంబ నియంత్రణ వ్యవహారాల మంత్రి అయిన డాక్టర్ శ్రీపతి చంద్రశేఖర్ రాజమండ్రిలో పుట్టినవారు. ప్రపంచం గుర్తించిన జనాభా శాస్త్రవేత్త. చట్టబద్ధమైన గర్భస్రావ హక్కు కోసం, ఆడపిల్లల పెళ్లి వయసు పెంచడం కోసం ఆయన గట్టిగా వాదించారు. గర్భస్రావ చట్టం 1971లో వచ్చింది. ఆడపిల్ల పెళ్లి వయసు 18 ఏళ్లని 1978లో చట్టం అయింది. జనాభా సమస్యలో చదువూ వయసూ హక్కూ కలిసి ఉన్నాయని ఆ తరం పెద్దలకు తెలుసు. అయితే ప్రభుత్వ యంత్రాంగానికి తేలిగ్గా అర్థమైంది ఒక్కటే, లక్ష్యం. ఈ జిల్లాకు ఇన్ని ఆపరేషన్లు, ఈ ఉద్యోగికి ఇన్ని కేసులు.

ఆ లక్ష్యాల పాలన ఎక్కడికి దారితీసిందో 1976లో దేశమంతా చూసింది. అంతకు రెండేళ్ల ముందు, 1974లో, బుకారెస్ట్‌లో జరిగిన ప్రపంచ జనాభా సదస్సులో మన ప్రతినిధివర్గ నాయకుడు కరణ్ సింగ్, అభివృద్ధే అన్నిటికంటే మంచి గర్భనిరోధక సాధనమన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. ప్రపంచమంతా ఆ మాటను మెచ్చుకుంది. అత్యవసర పరిస్థితి నడుస్తున్న 1976 ఏప్రిల్‌లో ఆయనే ప్రకటించిన జాతీయ జనాభా విధానం మాత్రం, చదువూ అభివృద్ధీ వచ్చి పుట్టుకలు తగ్గేదాకా ఆగడం కుదరదని తేల్చింది. రాష్ట్రాలకు ఇచ్చే కేంద్ర ప్రణాళికా సాయంలో 8 శాతాన్ని కుటుంబ నియంత్రణలో చూపిన ఫలితాలకు ముడిపెట్టింది. చూడండి, జనాభాను ప్రణాళికతో కలపడమంటే డబ్బుకీ ఆపరేషన్లకీ ముడివేయడమే అన్నట్టు తయారైంది. 1976-77లో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అందులో ముప్పాతిక వంతు మగవాళ్లవి, ఎన్నో చోట్ల బలవంతంగా చేసినవి.

1977 ఎన్నికల్లో జనం తీర్పు చెప్పారు. ఆ తరవాత ఏ ప్రభుత్వమూ మగవాళ్ల జోలికి వెళ్లే సాహసం చేయలేదు. కార్యక్రమం పేరు కుటుంబ సంక్షేమమని మార్చారు. లక్ష్యాలు మాత్రం అలాగే ఉండిపోయాయి. భారమంతా నిశ్శబ్దంగా ఆడవాళ్ల మీదికి మారింది. ఇక్కడినుంచి మన తెలుగునాట కథ మొదలవుతుంది. దీన్ని కొంచెం నిదానంగా చెప్పాలి.

ఒక స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలు పుడితే తల్లిదండ్రుల తరాన్ని పిల్లల తరం భర్తీ చేస్తుందని జనాభా శాస్త్రం చెబుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదటిసారి 1992-93లో జరిగినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ సగటు 2.6. 2005-06 సర్వే నాటికి 1.8కి వచ్చేసింది. కేరళలోనూ ఇలాగే తగ్గింది. అయితే అక్కడ ఆడవాళ్ల అక్షరాస్యత 1991కే 86 శాతం. మన రాష్ట్రంలో అదే ఏడు 33 శాతమైనా లేదు. ఆడపిల్లల చదువు పెరగకుండా, పెళ్లి వయసు పెరగకుండా, పుట్టుకలు మాత్రం ఇంత త్వరగా తగ్గడం చూసి జనాభా శాస్త్రవేత్తలు ఆశ్చర్యపోయారు. పొదుపు సంఘాలు, టీవీలు, పిల్లల్ని ఇంగ్లీషు బడికి పంపాలన్న ఆశ, కూలి బతుకుల్లో పెరిగిన ఖర్చులు, ఇలా ఎన్నో కారణాలు చెప్పారు. 1997లో, దేశంలో అన్ని రాష్ట్రాలకంటే ముందు, ఆంధ్రప్రదేశ్ సొంత జనాభా విధానం ప్రకటించింది. ఇవన్నీ పనిచేశాయి. అయితే అన్నిటికంటే ఎక్కువగా పనిచేసింది ఆడవాళ్లకు చేసే ట్యూబెక్టమీ ఆపరేషన్.

ఆ ఆపరేషన్ చేయించుకున్న అమ్మాయి బతుకు ఎలా ఉంటుందో చూద్దాం. పదిహేడేళ్లకు పెళ్లి. పద్దెనిమిదికి మొదటి కాన్పు. ఇరవైకో ఇరవై ఒకటికో రెండోది. రెండో బిడ్డ పుట్టగానే ఆపరేషన్. ఇరవై రెండేళ్లకు ప్రభుత్వ లెక్కల్లో ఆమె పని అయిపోయింది. రిజిస్టరులో ఆమె పేరు ఎదుట టిక్కు పడింది. ఇక ఏ.ఎన్.ఎం. ఆమె ఇంటికి రానవసరం లేదు. మాత్రలు, కాపర్-టీ, కాన్పుకూ కాన్పుకూ ఎడం, ఇవేవీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె ముందు ఇంకా యాభై ఏళ్ల బతుకుంది. ఆగిపోయిన చదువును మళ్లీ మొదలుపెట్టే దారి ఏది? చేతికి పని నేర్పే చోటు ఎక్కడుంది? రక్తహీనతకు మందు ఎవరిస్తారు? ఆ యాభై ఏళ్లకు మన ప్రణాళికల్లో గడి లేదు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి పిల్లల సగటు 1.7, తెలంగాణలో 1.8. దేశం మొత్తం మీద 2.0. అదే సర్వేలో, 20 నుంచి 24 ఏళ్ల వయసున్న ఆంధ్ర యువతుల్లో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. దేశ సగటు 23. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారు. మగవాళ్ల ఆపరేషన్లు ఒక్క శాతం కూడా లేవు. రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత. గర్భసంచి తీసివేసే ఆపరేషన్లు ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో మనవే ముందు వరుసలో ఉన్నాయి. ఈ అంకెలన్నీ పక్కపక్కన పెట్టుకుంటే తెలిసేది ఇది. మనం ఒక అంకెను సాధించాం. ఆ అంకె వెనక రావలసిన ఆడపిల్ల చదువు, ఆరోగ్యం, సంపాదన మాత్రం రాలేదు.

1994లో కైరోలో జరిగిన జనాభా సదస్సులో 179 దేశాలు కూర్చుని చెప్పింది సరిగ్గా దీన్నే. జనాభా విధానం అంటే అంకెల లక్ష్యాలు కాదు, ముఖ్యంగా స్త్రీల ఆరోగ్యం, చదువు, ఎంచుకునే హక్కు అని అవి ఒప్పుకున్నాయి. జనాభా అంశాలను అభివృద్ధి ప్రణాళికల్లో అన్ని స్థాయుల్లోనూ కలపాలని తీర్మానించాయి. దాని ఫలితంగానే మన దేశం 1996లో ఆపరేషన్ల లక్ష్యాలను ఎత్తేసింది. 2000లో కొత్త జాతీయ జనాభా విధానం తెచ్చింది. కాగితం మీద దారి మారింది. శాఖల మధ్య గోడలు మాత్రం కూలలేదు.

ఆ గోడలు ఇప్పుడు మనకు ఎక్కడ అడ్డం వస్తున్నాయో మూడు విషయాల్లో చూద్దాం. మొదటిది వార్ధక్యం. 2011లో దేశ జనాభాలో అరవై దాటినవాళ్లు 8.4 శాతం. 2036 నాటికి 14.9 శాతం అవుతారని జాతీయ జనాభా కమిషన్ నియమించిన నిపుణుల బృందం అంచనా. కేరళలో అప్పటికి నూటికి 23 మంది వృద్ధులే ఉంటారు. పుట్టుకలు ముందుగా తగ్గిన మన రాష్ట్రాలూ ఆ దారిలోనే ఉన్నాయి. ఇవాళ రాష్ట్రాల పింఛన్లు ఊళ్లలో ముసలివాళ్లను నిలబెడుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. కేంద్రం తన జాతీయ పథకం కింద 60 నుంచి 79 ఏళ్ల వృద్ధులకు ఇచ్చే వాటా నెలకు 200 రూపాయలు. ఎనభై దాటితే 500. దేశం ముసలిదవుతోందన్న లెక్క జాతీయ ప్రణాళికలోకి వచ్చి ఉంటే ఈ 200 ఇన్నేళ్లుగా 200గానే ఉండేది కాదు.

పింఛనొక్కటే చాలదు. మోకాలి నొప్పితో బాధపడే అమ్మమ్మకు బస్సు మెట్టు ఎత్తు సమస్యే. బీపీ, షుగరు మందులు ఊళ్లోనే దొరకాలి. పక్షవాతం వచ్చిన తాతయ్యకు రోజూ చేయి పట్టి నడిపించే మనిషి కావాలి. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు కాన్పులకోసం, టీకాలకోసం రూపుదిద్దుకున్నవి. ఆ పని అవి బాగా చేశాయి. లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 2018-20లో దేశంలో 97 ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. ఇంత సాధించిన వ్యవస్థకే ఇప్పుడు వృద్ధుల వైద్యం కొత్తగా నేర్పాలి. ఇది ఒక్క రాత్రిలో అయ్యే పని కాదు. నర్సుకు శిక్షణ ఇవ్వడానికి ఏళ్లు పడతాయి. అందుకే వయసుల లెక్క ఇప్పుడే కావాలి.

రెండోది వలస. పుట్టుకలు అన్ని రాష్ట్రాల్లో ఒకేలా లేవు. 2019-21 సర్వేలో బిహార్ సగటు 3.0, ఉత్తరప్రదేశ్‌ది 2.4. అక్కడ పుట్టిన పిల్లలు ఇక్కడి పనివాళ్లు అవుతున్నారు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల సెంట్రింగ్ పని దగ్గర, నల్గొండ జిల్లా రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీల్లో, ఇటుక బట్టీల్లో ఎవరున్నారో చూడండి. బిహార్, జార్ఖండ్, ఒడిశా కుర్రాళ్లు. మరోవైపు శ్రీకాకుళం, పాలమూరు కూలీలు ఇతర నగరాలకు, కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ మనుషులు గల్ఫ్‌కు పోతూనే ఉన్నారు. లాక్‌డౌన్ సమయంలో దేశంలో మొదటి శ్రామిక్ రైలు 2020 మే 1న హైదరాబాద్ పక్కనున్న లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. సుమారు 1,200 మంది అందులో వెళ్లారు. ఆ రోజుదాకా ఏ ఊళ్లో ఎంతమంది వలస కూలీలున్నారో సరైన లెక్క ఏ కార్యాలయంలోనూ లేదు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే వచ్చింది. లెక్కే లేదు. లెక్కలో లేని మనిషికి రేషనుండదు, పిల్లకు బడి ఉండదు, గర్భిణికి అంగన్‌వాడీలో గుడ్డు ఉండదు.

మూడోది డబ్బూ, ప్రాతినిధ్యం. జనాభాను బట్టి లోక్‌సభ సీట్లు పంచితే కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోతాయని 1976లో 42వ రాజ్యాంగ సవరణతో సీట్ల సంఖ్యను 1971 జనాభా దగ్గర ఆపారు. ఆ తరవాత 84వ సవరణ ఆ గడువును 2026 తరవాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించింది. కేంద్ర పన్నుల పంపకంలోనూ ఇదే పేచీ. 15వ ఆర్థిక సంఘం 2011 జనాభాను ప్రాతిపదికగా తీసుకుంది. దక్షిణాది రాష్ట్రాల ఆందోళన విని, పుట్టుకలు తగ్గించుకున్న రాష్ట్రాలకు న్యాయం చేయడానికి 12.5 శాతం ప్రాధాన్యం విడిగా ఇచ్చింది. దీన్ని ఉత్తరాదికీ దక్షిణాదికీ తగాదాగా చూడటం నాకు నచ్చదు. బిహార్ బిడ్డ చదువుకు డబ్బు కావాలి. ఆంధ్ర అవ్వ వైద్యానికీ డబ్బు కావాలి. ఇద్దరి అవసరాలూ నిజమైనవే. రెండింటినీ వయసులవారీగా లెక్కగట్టి పంచే సూత్రం కనుక్కోవడం జాతీయ ప్రణాళిక బాధ్యత.

మరి ఇన్ని లెక్కలకు ఆధారం ఏది? జనగణన. 1881 నుంచి పదేళ్లకోసారి తప్పకుండా జరుగుతూ వచ్చిన జనగణన 2021లో జరగలేదు. చిన్నప్పుడు ఇచ్చిన ఆదితో ఎదిగిన పిల్లకు జాకెట్టు కుడితే పట్టదు. 2011 లెక్కలతో ఇవాళ్టి దేశానికి పథకాలు రాస్తే జరిగేది అదే. జాతీయ ఆహార భద్రతా చట్టం గ్రామాల్లో 75 శాతానికి, పట్టణాల్లో 50 శాతానికి చవకగా తిండిగింజలు ఇవ్వాలంటుంది. ఆ శాతాలను 2011 జనాభా మీద లెక్కగట్టి సుమారు 81 కోట్లమంది దగ్గర ఆపారు. పెరిగిన జనాభాను కలుపుకోకపోవడం వల్ల 10 కోట్లమందికి పైగా బయట ఉండిపోయారని ఆర్థికవేత్తలు జాన్ డ్రేజ్, రీతికా ఖేరా 2020లోనే లెక్కచెప్పారు. ఒక లెక్క ఆలస్యమైతే పది కోట్ల కంచాల మీద దెబ్బ పడుతుంది. 2027 మార్చి 1 ప్రాతిపదిక తేదీగా కొత్త జనగణనకు ప్రభుత్వం 2025 జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. ఈసారి కులాల లెక్క కూడా ఉంటుంది. ఇది దేశానికి ఎంతో అవసరమైన పని.

అయితే ఢిల్లీ లెక్కలకోసం ఊరు ఎదురుచూడనవసరం లేదు. మన ఊళ్లలో ఇప్పటికే మూడు రిజిస్టర్లున్నాయి. ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్తల దగ్గర పిల్లల్ని కనే వయసున్న దంపతులు, గర్భిణులు, పసిపిల్లల వివరాలుంటాయి. అంగన్‌వాడీ టీచరు దగ్గర ఆరేళ్లలోపు పిల్లలందరి పేర్లుంటాయి. పంచాయతీ కార్యదర్శి దగ్గర జనన మరణాల నమోదు, పింఛన్ల జాబితా ఉంటాయి. వీళ్లంతా ఒక బల్ల దగ్గర కూర్చుని ఒక్క పూట పనిచేస్తే ఊరి వయసు తేలుతుంది. వచ్చే జూన్‌లో ఒకటో తరగతిలో ఎంతమంది చేరతారు, ఐదేళ్ల తరవాత ఎంతమంది చేరతారు, అరవై దాటినవాళ్లు ఎందరు, వాళ్లలో ఒంటరిగా ఉంటున్నవాళ్లు ఎందరు, ఏ ఇళ్లకు తాళాలున్నాయి, ఆ ఇళ్ల మనుషులు ఏ ఊరికి పోయారు, అన్నీ ఒక కాగితం మీదికి వస్తాయి.

ఆ కాగితం ఊరికి ఏం చెబుతుందో గమనించండి. ఏటా ముప్పై మంది పిల్లలు పుట్టిన ఊళ్లో ఇప్పుడు పన్నెండు మందే పుడుతున్నారనుకోండి. బడికి ఇంకో గది కట్టడం కంటే ఉన్న గదిలో మంచి టీచరు, మంచి గ్రంథాలయం ముఖ్యం. ఖాళీ అయిన గదిని వృద్ధుల పగటి కేంద్రంగానో, ఆడవాళ్లకు పని నేర్పే చోటుగానో మార్చుకోవచ్చు. పిల్లలు తక్కువయ్యారని బడిని మూసేసి, ఆరేళ్ల పిల్లను మూడు కిలోమీటర్లు నడిపించడం ప్రణాళిక కాదు. ముందు ఆ పిల్లకు బండి ఏర్పాటు చేయాలి, తరవాతే బడుల విలీనం మాట. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక ఏటా తయారవుతుంది. సాధారణంగా దాని నిండా సీసీ రోడ్లు, మురుగు కాలవలే ఉంటాయి. అవీ అవసరమే. ఆ ప్రణాళిక మొదటి పేజీలో ఊరి వయసుల పట్టిక ఉండాలన్న నియమం పెడితే మిగతా పేజీలు వాటంతట అవే మారతాయి. మండలం, జిల్లా, రాష్ట్రం, చివరికి నీతి ఆయోగ్ కూడా ఆ మొదటి పేజీ నుంచే మొదలుపెట్టాలి.

ఇక ఎక్కువమందిని కనమనే పిలుపుల సంగతి. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది. అది మంచి నిర్ణయం. ఎందరు పిల్లలన్నదాన్ని బట్టి పౌరుడి హక్కును కోయకూడదు. అయితే ఎక్కువమందిని కంటే డబ్బిస్తామన్నంత మాత్రాన పుట్టుకలు పెరగవు. దక్షిణ కొరియా ఒకప్పుడు పుట్టుకల్ని గట్టిగా అదుపు చేసింది. తరవాత పెంచడానికి ఎన్నో ఏళ్లుగా ఎంతో డబ్బు ఖర్చుపెట్టింది. 2023లో అక్కడి సగటు 0.72కు పడిపోయింది. చైనా ఒక్క బిడ్డే అన్న నిబంధనను ఎత్తేసింది. 2016లో ఇద్దరికీ, 2021లో ముగ్గురికీ అనుమతి ఇచ్చింది. అయినా 2022 నుంచి అక్కడ జనాభా తగ్గుతూనే ఉంది. బిడ్డను కంటే ఉద్యోగం పోతుందన్న భయం, చదువు ఖర్చు, ఇంటి అద్దె, పిల్లను చూసుకునే మనిషి లేకపోవడం, ఇవి ఉన్నంతకాలం ఏ పిలుపూ పనిచేయదు. నిన్న ఆపరేషన్ చేయించుకోమని ఆడదానికే చెప్పాం. ఇవాళ ఇంకొకరిని కనమని మళ్లీ ఆమెకే చెబితే, ఆమెను మనిషిగా చూడటం మనం ఇంకా నేర్చుకోలేదనే అర్థం.

కాబట్టి చేయవలసింది ఇది. ఆడపిల్లను పద్దెనిమిది నిండేదాకానే కాదు, డిగ్రీ అయ్యేదాకా చదివించే ఏర్పాటు కావాలి. ఆపరేషన్‌తో పాటు అన్ని పద్ధతులూ ఆమెకు తెలియాలి, ఎంపిక ఆమెది కావాలి, బాధ్యత భర్తకూ ఉండాలి. పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే కేంద్రం ఉండాలి. వలస వచ్చిన కుటుంబానికి రేషను, బడి, వైద్యం ఉన్నచోటే అందాలి. వృద్ధుల సేవను ఒక వృత్తిగా నేర్పి, చేసేవాళ్లకు మంచి జీతం ఇవ్వాలి. ఇందులో ఏదీ ఒక్క శాఖ చేయగల పని కాదు. స్త్రీ శిశు సంక్షేమం, విద్య, వైద్యం, కార్మిక శాఖ, పంచాయతీరాజ్, ఆర్థికశాఖ ఒకే పట్టిక ముందు కూర్చుంటేనే అవుతుంది.

శ్రోతలకు చివరిగా ఒక విన్నపం. జనగణనకు ఎన్యుమరేటరు మీ ఇంటికి వచ్చినప్పుడు కాస్త సమయం ఇవ్వండి. మన దగ్గర పెద్దవాళ్ల వయసు అడిగితే "యాభయ్యో అరవయ్యో ఉంటాయి" అంటాం. అలా అన్నప్పుడు లెక్కంతా యాభై దగ్గర, అరవై దగ్గర పోగుపడి అసలు సంఖ్య దొరకదు. మీ అవ్వను కూర్చోబెట్టి అడగండి. 1977లో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఆమెకు పెళ్లయిందా, చంకలో బిడ్డ ఉందా అని గుర్తుచేయండి. వయసు తేలుతుంది. బతుకుతెరువుకు వేరే ఊరు పోయినవాళ్ల వివరం దాచకండి. మీ ఇంట్లో పనిచేసే, మీ పక్క గదిలో అద్దెకుండే పొరుగు రాష్ట్రం వాళ్లనూ లెక్కలో చేర్చమని చెప్పండి. బిడ్డ పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయించండి. మరణాన్నీ నమోదు చేయించండి.

వచ్చే గ్రామసభకు తప్పకుండా వెళ్లండి. మైకు మీ చేతికి వచ్చినప్పుడు రోడ్డు గురించి అడగండి, నీళ్ల గురించి అడగండి. వాటికంటే ముందు ఒక ప్రశ్న అడగండి. మన ఊళ్లో ఆరేళ్లలోపువాళ్లు ఎందరు, అరవై దాటినవాళ్లు ఎందరు, వాళ్లకోసం ఈ ఏడు ప్రణాళికలో ఎంత పెట్టారు? జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.